గద్దింపక ఇచ్చేవాడు

యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలోని ఐదో వచనం నాకు చిన్నప్పటి నుంచి కంఠస్థమే. “మీలో ఎవనికైనను జ్ఞానము కొదువగా ఉన్నయెడల అతడు దేవుని అడుగవలెను, అప్పుడది అతనికి అనుగ్రహింపబడును. ఆయన ఎవనిని గద్దింపక అందరికిని ధారాళముగ దయచేయువాడు.” పరీక్షలు దగ్గరపడినప్పుడల్లా పెద్దలు ఈ వచనాన్ని మా చేత వల్లె వేయించేవారు. అందువల్లనేమో, చాలా ఏళ్ల పాటు నా చూపు అందులోని “జ్ఞానము” దగ్గరే ఆగిపోయింది. కాస్త వయసు వచ్చాక “ధారాళముగ” అనే మాట మనసుకు పట్టింది. ఆ రెంటికీ నడుమ ఉన్న “గద్దింపక” అనే మాటను మాత్రం, అది అక్కడ ఉన్నట్టే తెలియనివాడిలా, ఎన్ని వందలసార్లు దాటిపోయానో చెప్పలేను. చివరకు ఆ మాట దగ్గర నన్ను నిలబెట్టింది ఏ ప్రసంగమూ కాదు, నేను చేసిన ఒక తప్పు.

మా సంఘంలో అవసరంలో ఉన్నవారి కోసం ఒక సహాయ నిధి ఉంది. దాని బాధ్యత చూసే ముగ్గురిలో నేనొకణ్ని. కొన్నేళ్ల కిందట మా సంఘ సభ్యుడొకరు ఉద్యోగం పోయి, పిల్లల ఫీజుల గడువు ముంచుకొచ్చి మా దగ్గరకు వచ్చారు. విషయం చెప్పడానికి ఆయన ఎంతసేపు తటపటాయించారో నాకింకా గుర్తుంది. మేము ముగ్గురం మాట్లాడుకుని, అడిగినదానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వాలని తీర్మానించుకున్నాం. ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లేదాకా ఆగి, ఆయన్ను పక్క గదిలోకి పిలిచి కవరు చేతిలో పెట్టాను. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. “ఉద్యోగం ఉన్న రోజుల్లోనే కాస్త వెనకేసుకుని ఉంటే ఈ అవస్థ వచ్చేది కాదు కదండీ, ఇకనైనా ముందుచూపుతో ఉండండి” అన్నాను. మేలుకోరి చెబుతున్న సలహా అనే అనుకున్నాను. ఆయన తలెత్తలేదు. కవరు మూలను బొటనవేలితో మడుస్తూ, మళ్లీ సాపు చేస్తూ, మళ్లీ మడుస్తూ, “అలాగేనండి” అన్నారు. ఆ తర్వాతి వారాల్లో ఆయన ఆరాధనకు ఆలస్యంగా వచ్చి చివరి వరుసలో కూర్చోవడం, ఆశీర్వచనం పూర్తికాకముందే లేచి వెళ్లిపోవడం మొదలైంది. ఆ మాటకూ ఈ మార్పుకూ సంబంధం ఉండవచ్చునని నాకు నెలల తరబడి తట్టనే లేదు. ఒక ప్రార్థన కూడికలో వాక్యం చదివే వంతు నాకు వచ్చింది. చదవవలసిన భాగం యాకోబు మొదటి అధ్యాయం. “ఎవనిని గద్దింపక” అని పైకి చదువుతుండగా ఆ కవరు మూల నా కళ్ల ముందు కనబడింది. తర్వాతి వచనం ఎలా చదివానో నాకు తెలియదు.

అప్పటి నుంచి ఆలోచిస్తూ వచ్చిన సంగతి ఒకటుంది. దేవుని దాతృత్వం గురించి మాట్లాడేటప్పుడు మనం దాదాపు ఎప్పుడూ పరిమాణం గురించే మాట్లాడతాం. ఆయన ఎంత ఇచ్చాడు, ఎన్ని మేళ్లు చేశాడు, మనం తిరిగి ఎంత ఇవ్వాలి, పదియవ భాగమా, అంతకు మించా అన్నదే మన చర్చ. లేఖనం మాత్రం, ఎంత ఇచ్చాడన్న దానితో పాటు, ఎలా ఇచ్చాడన్నది కూడా అంతే శ్రద్ధగా చెబుతుంది. పుచ్చుకునేవాణ్ని చిన్నబుచ్చకుండా ఇవ్వడం ఆయన ఇచ్చే తీరు. పరిమాణంలో ఆయనతో తూగడం మనలో ఎవరి వల్లా కాదు. ఆయన పిల్లలమని అనిపించుకునే అవకాశం మనకు మిగిలి ఉన్నది ఆ తీరులోనే. కాబట్టి దినదిన జీవితంలో దాతృత్వాన్ని అభ్యసించడం అంటే చేతిని తెరవడం నేర్చుకోవడం ఎంతో, నోటిని మూయడం నేర్చుకోవడమూ అంతే అని నేను వాదిస్తాను. ఈ వాదనకు ఉన్న అభ్యంతరం నాకు తెలుసు, దాని దగ్గరకూ వస్తాను.

ముందు ఆ వచనంలోని రెండు మాటలను దగ్గరగా చూడాలి. “ధారాళముగ” అని మన అనువాదకులు రాసిన చోట గ్రీకు మూలంలో “హప్లోస్” అనే మాట ఉంది. ‘ఎక్కువగా’ అన్నది దాని తొలి అర్థం కాదు. మడతలు లేకుండా, లోపల మరో ఉద్దేశం దాచుకోకుండా, ఒకే మనసుతో అన్నది దాని మూలార్థం. మూడు వచనాల తర్వాత యాకోబు “ద్విమనస్కుడు” అనే మాట వాడతాడు. అది అడిగే మనిషి గురించి. అడిగేవాడికి రెండు మనసులు ఉండవచ్చు, ఇచ్చే దేవునికి ఉన్నది ఒకే మనసు. ఇదే మాటకు బంధువైన నామవాచకంతోనే పౌలు, తాము నిరుపేదలై ఉండీ యెరూషలేము పరిశుద్ధుల కోసం చందా ఇచ్చిన మాసిదోనియ సంఘాల ఔదార్యాన్ని వర్ణించాడు (2 కొరింథీ 8:2). ఒక కన్ను ఇచ్చినదాని మీద, రెండో కన్ను రావలసినదాని మీద ఉంచకుండా ఇవ్వడమే ఆ ధారాళత.

ఇక “గద్దింపక” అన్నచోట ఉన్న గ్రీకు క్రియకు నిందించడం, ఎత్తిపొడవడం అని అర్థం. మన భాషలో దీనికి సరిగ్గా అతికే మాట “దెప్పడం”. గద్దించడం అంటే ఎదుట నిలబెట్టి కోప్పడడం. దెప్పడం అంటే చేసిన మేలును జ్ఞాపకంలో పదును పెట్టి ఉంచుకుని, సమయం చూసి దానితోనే పొడవడం. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం ఆరంభంలో రాయబడి, కతోలిక బైబిలులో చోటు చేసుకున్న సీరాకు గ్రంథం ఈ సంగతిని సూటిగా చెబుతుంది. మేలు చేసేటప్పుడు దానికి నింద కలపవద్దంటుంది (18:15). బుద్ధిహీనుడు కొంచెమిచ్చి ఎక్కువ దెప్పుతాడంటుంది (20:15). ఈ రెండో చోట గ్రీకు పాఠంలో ఉన్నది యాకోబు వాడిన క్రియే. అంటే యూదు జ్ఞానులు మనుషులకు బుద్ధిగా నేర్పిన విషయాన్ని యాకోబు దేవుని స్వభావంగా మన ముందు పెడుతున్నాడు. దెప్పకూడదని మనకు ఎవరో చెప్పాలి. ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఎందుకంటే దెప్పడం ఆయనలో లేదు.

ఈ దృష్టితో సువార్తలు మళ్లీ చదివినప్పుడు నాకు బాగా తెలిసిన కథలే కొత్తగా కనిపించాయి. కానాలో జరిగిన పెండ్లి సంగతి తీసుకుందాం. విందులో ద్రాక్షారసం అయిపోతే యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడు. ఆరు రాతిబానలు, ఒక్కొక్కటి రెండేసి మూడేసి తూములు పట్టేవి. నేటి కొలతలో అన్నీ కలిపి దాదాపు 500 నుంచి 700 లీటర్లు. మన ప్రసంగాలు ఈ లెక్క దగ్గర ఆనందపడి ఆగిపోతాయి, ఆనందపడవలసిందే. కానీ ఆ తర్వాత జరిగినది చూడండి. విందు ప్రధాని ఆ ద్రాక్షారసం రుచి చూసి, అది ఎక్కడిదో తెలియక, పెండ్లికుమారుణ్ని పిలిచి మెచ్చుకుంటాడు. మంచి రసాన్ని ఇప్పటిదాకా దాచి ఉంచావని ఆ గొప్పను అతనికే కట్టబెడతాడు. అసలు సంగతి నీళ్లు తోడిన పరిచారకులకు తెలుసు, శిష్యులు ఆయన మహిమను చూశారు. అయినా యేసు విందు మధ్యకు వచ్చి లెక్క సరిచేయలేదు. ఇంత మందిని పిలిచేటప్పుడు సరిపోతుందో లేదో చూసుకోవద్దా అని ఆ ఇంటివారిని అడగలేదు. కొరత తీరింది, సిగ్గు కప్పబడింది, మెప్పు వేరొకరికి దక్కింది. తాను ఇచ్చిన మేలుకు వచ్చిన పొగడ్త ఇంకొకరి ఇంటికి పోతుంటే చూస్తూ నిలబడగలగడం ఎంత పెద్ద దాతృత్వమో, ఉద్యోగంలో గాని సంఘంలో గాని తన పనికి ఇంకొకరి పేరు పడినప్పుడు మండిపడిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

తప్పిపోయిన కుమారుని ఉపమానంలోనూ అంతే. ఆస్తిలో తన పాలు తీసుకుపోయి దూరదేశంలో పాడుచేసుకున్న చిన్నకొడుకు, అక్కడ ఉండగానే తండ్రితో చెప్పవలసిన మాటలు సిద్ధం చేసుకున్నాడు. అందులో చివరి వాక్యం, “నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము” (లూకా 15:19). రెండు వచనాల తర్వాత అతను ఆ మాటలు తండ్రి ముందు చెబుతున్నప్పుడు ఆ చివరి వాక్యం లేదు. “నీ కుమారుడనని యిక పిలువబడుటకు యోగ్యుడను కాను” అన్నచోట ఉండగానే తండ్రి దాసులవైపు తిరిగి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటున్నాడు. కూలివాడిగా ఉంటానన్న మాట అతని నోట రాకముందే తండ్రి అతన్ని కొడుకుగా నిలబెట్టాడు. ఆస్తి ఏం చేశావని అడిగే హక్కు తండ్రికి పూర్తిగా ఉంది, ఆ లెక్క అడిగింది పెద్దకొడుకు. పెద్దకొడుకు చెప్పిన వివరాల్లో అబద్ధం ఉందని ఉపమానం ఎక్కడా అనదు. దెప్పిపొడుపులో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే: అది చాలాసార్లు నిజమే చెబుతుంది. నేను ఆ కవరుతో పాటు ఇచ్చిన సలహా కూడా తప్పు సలహా కాదు.

పాత నిబంధనలో ధర్మశాస్త్రం ఈ విషయాన్ని ఎంత సున్నితంగా పట్టించుకుందో గమనించినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఒక నియమం ఉంది. పొరుగువానికి ఎరువిచ్చి తాకట్టు తీసుకునేటప్పుడు అతని ఇంట్లోకి వెళ్లకూడదు, బయట నిలబడాలి, అతనే ఆ వస్తువును బయటికి తెచ్చి ఇవ్వాలి. అప్పు ఇచ్చినంత మాత్రాన అతని గడప దాటే అధికారం రాదు. ఆ ఇంట్లో ఏముందో, ఏం లేదో చూసే హక్కు నీకు లేదు. అతను బీదవాడైతే, తాకట్టు పెట్టిన వస్త్రాన్ని సూర్యుడు అస్తమించేలోగా తిరిగి ఇచ్చేయాలి, ఎందుకంటే అతను దాన్ని కప్పుకుని పడుకోవాలి. లేవీయకాండము 19వ అధ్యాయం, కోతకాలంలో పొలం అంచుల వరకూ పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె ఏరుకోవద్దని, అవి బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని చెబుతుంది. బీదవాడు యజమాని వాకిట చేయి చాచి నిలబడే అవసరం లేకుండా, తన చేత్తో తానే ఏరుకుని, తన కష్టంతో తాను ఇల్లు చేరే ఏర్పాటు అది.

రూతు గ్రంథంలోని పొలం యజమాని బోయజు ఆ నియమాన్ని పాటించి ఊరుకోలేదు. పరదేశియైన బీద విధవరాలు రూతు అతని పొలంలో ఏరుకుంటున్నప్పుడు, ఆమె కోసం పనలలో నుంచి పిడికెళ్లు కావాలనే పడవేయమని పనివారితో చెప్పాడు. తనకోసం ఎవరో పడవేశారని ఆమెకు తెలియకుండా, తన పనికి దొరికిన ఫలితంగానే ఆమె దాన్ని అనుకునేలా చేశాడు. ఆ ఆజ్ఞ చివర ఉన్న మాట చూడండి: “ఆమెను గద్దింపవద్దు.” హెబ్రీ మాట వేరు, గ్రీకు మాట వేరు, అయినా మన అనువాదకులు రూతు గ్రంథంలోనూ యాకోబు పత్రికలోనూ ఒకే తెలుగు మాట పెట్టారు. ఏ ఉద్దేశంతో పెట్టారో గాని, వారికి నేను ఋణపడి ఉన్నాను. నాకు ఈ రెండు వచనాలు ఒకదాని పక్కన ఒకటి కనిపించింది తెలుగు బైబిలు వల్లనే.

ద్రాక్షతోట కూలివారి ఉపమానంలో (మత్తయి 20) ఇచ్చేవాని మంచితనం మూడోవాణ్ని ఎలా బాధిస్తుందో కనిపిస్తుంది. పొద్దు వాలే వేళకు వచ్చినవారికీ దినమంతా ఎండలో కష్టపడినవారికీ యజమాని ఒకే దేనారము ఇచ్చాడు. దేనారమంటే ఒక రోజు కూలి, అంటే ఒక కుటుంబం ఆ రోజు గడిచే మొత్తం. సణిగినవారితో ఆయన, “నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?” అంటాడు. మూలంలో ఉన్నది “నీ కన్ను చెడ్డదా” అని. మన అనువాదకులు దాన్ని అచ్చ తెలుగు జాతీయంలోకి మార్చారు, ఆ మార్పు చాలా గొప్పగా కుదిరింది. చివర వచ్చినవారితో యజమాని మాటలూ గమనించదగ్గవే. “దినమంతయు మీరెందుకు ఊరకనే నిలిచియున్నారు” అని అడిగాడు, ఎవరూ కూలికి పెట్టుకోలేదని వారన్నారు. ఆ జవాబును ఆయన పరీక్షకు పెట్టలేదు. పొద్దున్నే ఎందుకు రాలేదని ఎదురు ప్రశ్న వేయలేదు. అడగడం వేరు, నిలదీయడం వేరు అని నేను ఇక్కడే నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ అభ్యంతరం దగ్గరకు వస్తాను. వివేచన లేకుండా ఇస్తూ పోతే సోమరితనాన్ని పోషించినట్టు కాదా? “ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు” అని పౌలే చెప్పాడు కదా? ఇది తేలిగ్గా తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు. సహాయ నిధి చూసేవాణ్ని గనుక నాకిది ప్రతి నెలా ఎదురయ్యే ప్రశ్న. ఆదిమ సంఘం కూడా గుడ్డిగా పంచలేదు. పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రు చిన్నచూపుకు గురవుతున్నారని సణుగుడు వచ్చినప్పుడు ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు (అపొ. కార్యములు 6). తిమోతికి రాసిన మొదటి పత్రిక, సంఘం పోషించే విధవరాండ్ర జాబితాకు అరవై ఏళ్ల వయసు నియమం పెట్టింది. 1వ శతాబ్దం చివర లేదా 2వ శతాబ్దం మొదట్లో కూర్చబడిన దిదాఖే అనే ఆదిమ సంఘపు బోధల గ్రంథం, అడిగిన ప్రతివానికీ ఇవ్వమని చెప్పిన వెంటనే, ఎవరికి ఇవ్వాలో తెలిసేదాకా నీ దానం నీ చేతుల్లోనే చెమట పట్టనీ అనే మాటను ఉదహరిస్తుంది. కాబట్టి వివరాలు తెలుసుకోవడం, హద్దులు పెట్టడం, అవసరమైతే కాదనడం, ఇవన్నీ దాతృత్వంలో భాగమే.

అయితే ఈ వివేచన అంతా ఇవ్వడానికి ముందు జరగవలసిన పని. నిర్ణయించుకోవడం మన బాధ్యత; నిర్ణయించుకుని చేయి చాచాక ఆ చేతిలో తీర్పు కూడా పెట్టి ఇవ్వడం మాత్రం మన బాధ్యత కాదు. పౌలు మాట పనిచేయడానికి ఇష్టపడనివారి గురించి; పని దొరకనివారి గురించి కాదు. మేము ఎన్నోసార్లు ఈ రెంటినీ కలిపేశాం. యాకోబు వాడిన ఆ గద్దింపు క్రియనే మత్తయి 11:20లో యేసు విషయంలో కూడా చూస్తాం. ఆయన గద్దించింది ఎవరిని? తమ మధ్య అన్ని అద్భుతాలు జరిగినా మారుమనస్సు పొందని పట్టణాలను. కొదువతో తన దగ్గరకు వచ్చి చేయి చాచిన మనిషిని కాదు. గద్దింపుకు చోటు ఉంది, కానీ అది సమృద్ధిగా పొంది కదలనివారి దగ్గర ఉంది. మనం దాన్ని తెచ్చి, ఎదురు చెప్పలేని స్థితిలో ఉన్నవారి మీద ఖర్చు చేస్తున్నాం. 4వ శతాబ్దం చివర్లో అంతియొకయలో బోధించిన యోహాను క్రిసోస్తోము, దయగలవాడు ఓడరేవు వంటివాడని చెప్పాడు. ఓడ బద్దలై కొట్టుకువచ్చినవాడు మంచివాడా చెడ్డవాడా అని రేవు అడగదు, ఎవరినైనా లోపలికి రానిస్తుంది. ఆ మాట విన్న జనంలోనూ నాలాంటి నిధి నిర్వాహకులు ఉండే ఉంటారు.

నిధులు, కవర్లు, తీర్మానాలు అందరి జీవితంలోనూ ఉండవు. దెప్పిపొడుపు రోజూ తిరిగేది ఇంట్లో. తల్లిదండ్రులు పిల్లలతో, “నీకోసం మేమెంత చేశామో నీకు తెలుసా” అంటారు. సంపాదించే భర్త ఇంటి ఖర్చుకు డబ్బిస్తూ, పోయిన వారం ఇచ్చింది ఏమైందని ఒక ప్రశ్న కూడా జతచేస్తాడు. క్షమించానన్న భార్య పదేళ్ల తర్వాత మరో తగాదాలో అదే విషయాన్ని తేదీతో సహా పైకి తీస్తుంది. అన్న తమ్ముణ్ని చదివించి, ఆ చదువును జీవితాంతం తమ్ముడి మీద బాకీగా ఉంచుతాడు. వీటన్నిట్లోనూ ఇవ్వడం నిజమే, త్యాగమూ నిజమే. కానీ పుచ్చుకున్నవారికి ఆ మేలును హాయిగా అనుభవించే స్వేచ్ఛ లేకుండా పోయింది. చాలామంది క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు దేవుని ప్రేమ నమ్మశక్యంగా అనిపించకపోవడానికి ఇదొక కారణమని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఇచ్చే ప్రతి చేతి వెనకా ఒక లెక్కల పుస్తకం ఉంటుందని ఇంట్లో నేర్చుకున్న బిడ్డ, పరలోకపు తండ్రి దగ్గరా ఆ పుస్తకాన్నే వెతుకుతాడు.

బలిపీఠం దగ్గర కూడా మనం శుభ్రంగా లేము. కానుకలు పట్టే సమయంలో, పదియవ భాగం ఇవ్వనివారు దేవుణ్ని దోచుకుంటున్నారనే మలాకీ మూడో అధ్యాయంతో విశ్వాసులను దొంగలని గద్దించి వసూలు చేయడం నేను చాలాసార్లు విన్నాను. అదే అధ్యాయం ఐదో వచనంలో కూలివారిని, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధపెట్టేవారి మీద తీర్పు ఉందని ఆ గొంతు గుర్తుచేయదు. మూడేసి సంవత్సరాలకు ఒకసారి ఆ పదియవ భాగం లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందడానికి కేటాయించబడేదని (ద్వితీయోపదేశకాండము 14:28-29) చెప్పదు. బీద విధవరాలి రెండు కాసుల కథ చెప్పేటప్పుడు, దానికి ముందే యేసు విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి చెప్పిన మాట వదిలేస్తుంది. “ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును” అన్న వచనం ఎంత ఎక్కువగా వాడతామో, దానికి ముందు వచనం అంత తక్కువగా చదువుతాం. “తీర్పు తీర్చకుడి… నేరము మోపకుడి… క్షమించుడి” అన్న తర్వాతే “ఇయ్యుడి” వచ్చింది (లూకా 6:37-38). అణచి, కుదిలించి, దిగజారేలా కొలవమన్నది ముందుగా కనికరాన్ని. పౌలు కొరింథీయుల దగ్గర చందా అడిగినప్పుడు, తాను ఆజ్ఞాపించడం లేదని ముందే చెప్పి, “సణుగుకొనకయు బలవంతముగా కాకయు” ఇవ్వమన్నాడు. గద్దించి పుచ్చుకున్న సొమ్మును గద్దించకుండా పంచడం ఏ సంఘానికైనా కష్టమే.

ఇక ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసి ఫోన్లలో పంచుకోవడం గురించి ఎక్కువ చెప్పను. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు ప్రభువు. ఆ ఫోటోల్లో ఇచ్చేవారి ముఖాలను కాక, ఒక్కసారి పుచ్చుకునేవారి కళ్లను చూస్తే చాలు.

గద్దించకుండా ఇవ్వడం నేను పుస్తకాల నుంచి నేర్చుకోలేదు, నాకు ఇచ్చినవారి నుంచి నేర్చుకున్నాను. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వరుసగా కొన్ని రాత్రులు నిద్ర లేక నేను బెంచీ మీదే కూలబడి ఉంటే, సంఘంలోని ఒక పెద్దావిడ వచ్చారు. చేతిలో శాలువా, చిన్న బైబిలు. “నువ్వెళ్లి పడుకో నాయనా, నేను కూర్చుంటాను” అన్నారు. ఇంట్లో ఇంకెవరూ లేరా, మీ వాళ్లంతా ఏమయ్యారు అని అడగలేదు. నిజానికి అడగదగిన ప్రశ్నే అది. మూడు రాత్రులు వచ్చారు. తెల్లవారి నేను వెళ్లేసరికి శాలువా మడిచి, మందులు ఏ వేళకు ఏది వేశారో ఒక కాగితం మీద రాసి, నా చేతికిచ్చి వెళ్లిపోయేవారు. తర్వాత సంఘంలో సాక్ష్యం చెబుతూ ఆమె పేరు ఎత్తబోతే, ముందు వరుసలో నుంచి చేయి ఊపి వద్దన్నారు. ఆ తర్వాత ఎన్ని ఏళ్లు బతికారో అన్ని ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ మూడు రాత్రుల ప్రస్తావన ఆమె నోట రాలేదు. నేను ఆమెకు బాకీ ఉన్నానని నాకెప్పుడూ అనిపించలేదు, ప్రేమించబడ్డానని మాత్రం అనిపించింది. ఆ తేడాను ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

పుచ్చుకోవడం చేతకానివారికి ఇవ్వడం కూడా సరిగా చేతకాదని నాకు అనిపిస్తుంది. యేసు శిష్యుల పాదాలు కడుగుతుంటే, నా పాదాలు ఎన్నడును కడగరాదన్న పేతురు గొంతులో వినయం ఉన్నట్టే ఉంటుంది, కానీ ప్రభువు దాన్ని ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఇచ్చే వరుసలోనే నిలబడాలనుకునేవాడు, ఎదుటి వరుసను తనకంటే తక్కువదిగా చూడక తప్పదు. “ఆయన ధనవంతుడై యుండియు మీ నిమిత్తము దరిద్రుడాయెను” అన్న మాటను (2 కొరింథీ 8:9) పౌలు చందా గురించి రాస్తూ మధ్యలో పెట్టడం యాదృచ్ఛికం కాదు. క్రీస్తు ఎత్తయిన చోట నిలబడి కిందికి విసరలేదు. పుచ్చుకునేవారి వరుసలోకి దిగివచ్చాడు. సమరయ స్త్రీని నీళ్లు అడిగాడు, తనతో తిరిగిన స్త్రీలు తమకు కలిగిన ఆస్తితో చేసిన ఉపచారాన్ని అంగీకరించాడు (లూకా 8:3).

ఇదంతా తెలిశాక నేను మారిపోయానని చెప్పలేను. కవరు ఇచ్చే గదిలో ఇప్పటికీ నాలుక చివరి దాకా ఒక వాక్యం వస్తుంది. సలహా నిజంగా అవసరమనిపిస్తే, సహాయం చేసిన రోజు కాకుండా, వేరొక రోజు, వారు అడిగితేనే చెప్పాలని మేము ముగ్గురం ఒక నియమం పెట్టుకున్నాం. డబ్బు చేతులు మారే చోట సలహా సలహాగా వినబడదని మాకు అర్థమైంది. ఇచ్చిన వివరాలు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదన్నది మరో నియమం. చిన్న నియమాలే గాని, వీటిని నిలుపుకోవడానికే నాకు ప్రార్థన అవసరమవుతోంది.

ఆ సహోదరుని దగ్గరకు వెళ్లడానికి నేను చాలా ఆలస్యం చేశాను. ఆ కూడిక జరిగిన రెండు వారాలకు, ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఏం చెప్పాలో దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాను: నేనన్న మాట తప్పు, ఆ స్థితిలో ఉన్న మనిషితో అనవలసినది కాదు, నన్ను క్షమించండి, ఇకపై ఆ బాధ్యతలో నేను ఉండకూడదని మీకనిపిస్తే తప్పుకుంటాను. ఆయన తలుపు తీసి, కుర్చీ ముందుకు జరిపి కూర్చోమన్నారు. “ఆ రోజు కవరు ఇచ్చేటప్పుడు నేను మీతో…” అని మొదలుపెట్టాను. “అదేమీ నాకు గుర్తులేదండి” అన్నారు. గుర్తుందని ఆయన కళ్లు చెబుతూనే ఉన్నాయి. నేను మళ్లీ మొదలుపెట్టబోయాను. ఆయన లోపలికి తిరిగి, “బాబూ, అంకుల్ వచ్చారు, నీ మార్కుల కాగితం తెచ్చి చూపించు” అని పిల్లవాణ్ని పిలిచారు. ఆ పిల్లవాడు వచ్చి నా పక్కన నిలబడి ఒక్కొక్క సబ్జెక్టే చదివి వినిపిస్తుంటే, నేను సిద్ధం చేసుకున్న మాటల్లో సగం నా దగ్గరే ఉండిపోయాయి.